ప్రోగ్రాముల తనిఖీకి పనిముట్టును ఎంచుకొనుట ఎట్లు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది, పచ్చడి పుచ్చుకొన్నాము, భోజనములకు ఇంకను అరగంట వ్యవధి గలదు. ఆ అరగంట మాకు ఇచ్చినారు. విషయము మేము ఎంచుకొన్నది కాదు. మన సంఘములోని యువకులు కొందరు కలిసి బోరుబావి మోటార్లకు కంట్రోలు పెట్టెలు తయారు చేయుచున్న సంగతి మీకు తెలిసినదే. ఆ పెట్టెలోని చిప్పు కొరకు వ్రాసిన ప్రోగ్రాము నియమము ప్రకారము ఉన్నదా లేదా అని చూచు పనిముట్టు ఒకటి కొనవలెనని, ఏది కొనవలెనో తేలకున్నదని వారు కార్యదర్శిగారితో అనగా, ఆయన మా పేరు చెప్పినారు. మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్కుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగిరి చేయువారము. అయితే తనిఖీ అనగా ఏమిటో, తనిఖీ అధికారి ఎదుట పుస్తకములు పరచుకొని కూర్చొనుట ఎట్లుండునో ఇంజనీర్ల కంటె మాకే బాగుగా తెలియును. ఆ ధైర్యముతో నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మన పావగడ తాలూకా కర్ణాటకములో ఉన్నను మూడు ప్రక్కల ఆంధ్రదేశమే. ఇంట తెలుగు, బడిలో కన్నడము, పొలములో శెనక్కాయ, ఆకాశమున మబ్బు లేకుండుట – ఇది మన ఊళ్ల చరిత్ర. ఇప్పుడా ఎండయే అమ్ముడగుచున్నది. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల రైతుల వద్ద సుమారు 13,000 ఎకరములు కౌలుకు తీసికొని 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు నెలకొల్పినారు. 2018 మార్చి 1న దానికి ప్రారంభోత్సవము జరిగినది. ఎకరమునకు ఏటా 21,000 రూపాయల కౌలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు వంతున పెంపు అని ఒప్పందము. అక్కడ పలకలు మాత్రమే మన కంటికి కనబడును. పలకల నుండి వచ్చు కరెంటును లైనుకు ఎక్కదగినట్లు మార్చునవి ఇన్వర్టర్లు. లైనులో వోల్టేజి ఊగిసలాడినపుడు అంటిపెట్టుకొని ఉండవలెనా, విడిపోవలెనా అని సెకనులో స్వల్ప భాగములో తేల్చునది ఇన్వర్టరులోని చిప్పు. ఆ చిప్పుకు బుద్ధి చెప్పునది ఎవరో మేజాబల్ల వద్ద కూర్చొని వ్రాసిన ప్రోగ్రాము. ఇట్లు యంత్రములో ఇమిడియుండి పని చేయు ప్రోగ్రామునే ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ అందురు. దీనికి తెర లేదు, మీటలు లేవు. తప్పు జరిగినపుడు "తప్పు జరిగినది" అని చెప్పుటకు దానికి నోరు కూడ లేదు.

మన తమ్ముళ్ల పెట్టె సంగతి చూతము. అందులోని చిన్న చిప్పులో మామూలు పూర్ణాంకమునకు 16 బిట్ల చోటు మాత్రమే. అందు పట్టు అతి పెద్ద సంఖ్య 32,767. మోటారు ఎన్ని సెకనులు తిరిగినదో అట్టి అంకెలో లెక్క పెట్టుచున్నారనుకొందము. 32,767 సెకనులనగా తొమ్మిది గంటల ఆరు నిమిషములు. ఊరిలో మూడు ఫేజుల కరెంటు రోజుకు ఏడు గంటలే వచ్చునంత కాలము ఆ పెట్టె బంగారము వలె పని చేయును. కార్ఖానాలో పరీక్షించినవారు ఎన్నాళ్లు పరీక్షించినను తప్పు పట్టలేరు. ఏ పండుగనాడో కరెంటు పది గంటలు వచ్చినచో లెక్క ఒక్కసారిగా మైనస్ 32,768కు పడిపోవచ్చును. "ఇంతసేపు తిరిగినది, ఇక ఆపుము" అన్న ఆజ్ఞ అప్పుడు పని చేయదు. నీరు లేని బోరులో మోటారు తిరిగి తిరిగి కాలును. మోటారు పైకి తీసి, కాయిలు చుట్టించి, మరల దించుటకు అగు ఖర్చు ఎంతో, ఆ వారము రోజులలో పైరు గతి ఏమగునో ఈ సభలోని రైతు బిడ్డలకు మేము చెప్పనక్కరలేదు.

ఇది మేము ఊహించి చెప్పిన ఉదాహరణయే గాని, దీని పెద్దన్న నిజముగా జరిగినది. బోయింగ్ 787 విమానములలో జనరేటర్లను నడుపు కంట్రోలు యూనిట్లు నిలుపకుండ 248 దినములు పని చేసినచో లోపలి లెక్క నిండిపోయి అన్నియు ఒకేసారి కరెంటు ఆపివేయవచ్చునని 2015లో అమెరికా విమానయాన శాఖ హెచ్చరించినది. సెకనులో నూరవ వంతు చొప్పున లెక్కించుచు పోయిన 32 బిట్ల అంకె నిండుటకు సరిగా అన్ని దినములే పట్టును. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్టు ఎగిరిన 40 సెకనులలోపే ప్రక్కకు తిరిగి పేలిపోయినది. అక్కడను 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోట ఇరికించబోవుటయే మూలము. పాత రాకెట్టులో ఏనాడు ఇబ్బంది పెట్టని ప్రోగ్రామును కొత్తదానికి తెచ్చి తగిలించినారు. పాతదానిలో బాగున్నది గనుక కొత్తదానిలోను బాగుండునని నమ్మినారు.

ఇట్టి తప్పులను పట్టుటకు రెండు త్రోవలు గలవు. నడిపి చూచుట ఒకటి, నడపకయే చదివి చూచుట రెండవది. రైల్వే స్టేషనుకు ట్రావెలింగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ అకౌంట్స్ అను అధికారి వచ్చును. టి.ఐ.ఏ.గారందుము. ఆయన ప్లాట్‌ఫారము మీదికి పోయి బండి వచ్చినదా, పోయినదా అని చూడరు. గదిలో కూర్చొని టిక్కెట్ల లెక్క, సరకుల లెక్క, నగదు పుస్తకము వరుస వెంబడి చదువుదురు. ఏ బండియు కదలకుండగనే తప్పు ఎక్కడున్నదో చెప్పగలరు. ప్రోగ్రామును నడపకుండ అక్షరము అక్షరము చదివి తప్పు పట్టుటకు స్టాటిక్ అనాలిసిస్ అని పేరు. మనిషి చదివినచో అలసిపోవును గనుక ఆ చదువును మరియొక ప్రోగ్రాముకు అప్పగింతురు. ఈ జాతికి మొదటి పేరు లింట్. 1978లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాష కొరకు దానిని చేసినాడు. బట్టను అంటుకొనియుండు నూగును ఇంగ్లీషులో లింట్ అందురు. నూగు దులుపు పని కనుక ఆ పేరు.

అయితే టి.ఐ.ఏ.గారు తమ తోచినట్లు తప్పు పట్టరు. చేతిలో రూల్సు పుస్తకము ఉండును. ప్రోగ్రాములకు అట్టి పుస్తకము ఏది? సి భాష స్వేచ్ఛ ఎక్కువగా ఇచ్చు భాష. రెండు సమాన చిహ్నములు వేయవలసిన చోట ఒకటి వేసినచో, "ఇది అదియేనా?" అను ప్రశ్న "దీనిని అదిగా చేయుము" అను ఆజ్ఞ అయి కూర్చొనును. భాష దానిని తప్పు అనదు. అందుచేత ఇంగ్లాండులో మోటారు కార్ల పరిశ్రమవారు కూడి మిస్రా అను పేర 1998లో 127 నియమములు వెలువరించినారు. 2004లో వానిని తిరగవ్రాసినారు. 2012 నాటి కూర్పులో 143 నియమములు, వానికి తోడు 16 ఆదేశములు గలవు. నియమములలో మూడు తెగలు. ఏ కారణము చేతను తప్పరానివి, తప్పినచో కారణము వ్రాసి సంతకము చేయవలసినవి, సలహా మాత్రముగా ఉన్నవి. కార్ల కొరకు పుట్టినను విమానములు, వైద్య పరికరములు, రైళ్లు అన్నియు దానిని వాడుకొనుచున్నవి.

అందులో ఒక్క నియమము చెప్పెదము. "అయితే" అను షరతు తరువాత చేయవలసిన పని ఒక్క పంక్తియే ఐనను దానిని కుండలీకరణములలో బంధించవలెను అనునది 15.6వ నియమము. చాదస్తము వలె లేదా? 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఫోనులలో ఒక లోపము బయటపడినది. భద్రతను పరీక్షించు భాగములో ఒక పంక్తి పొరపాటున రెండుసార్లు వ్రాయబడినది. కుండలీకరణములు లేనందున మొదటిది షరతునకు లోబడినది, రెండవది షరతు లేకుండగనే అమలైనది. దాని క్రిందనున్న అసలు పరీక్షకు ప్రోగ్రాము ఏనాడును చేరలేదు. చేరరాని పంక్తులున్నవని చెప్పుట తనిఖీ పనిముట్టుకు నిమిషము పని.

143 నియమములు ఎక్కువ అనువారికి చిన్న దారి కూడ గలదు. అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పని చేసిన జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో పదియే నియమములు ప్రకటించినాడు. ప్రతి చుట్టునకు ఒక హద్దు ఉండవలెను, ఒక ఫంక్షను ఒక కాగితమునకు మించరాదు, అనగా 60 పంక్తులు. పదవ నియమము మన విషయమునకు సరిగా తగినది: మొదటి దినము నుండి కంపైలరు హెచ్చరికలన్నియు తెరిచియుంచి, తనిఖీ పనిముట్టును ప్రతిదినము నడిపి, హెచ్చరిక ఒక్కటియు మిగులకుండ చూడవలెను.

కావున తమ్ములారా, మా మొదటి మాట ఇది. పనిముట్టు ఎంచుకొనుటకు ముందు నియమములు ఎంచుకొనుడు. రైల్వేలో దేశమంతటికి జనరల్ రూల్సు, ప్రతి జోనుకు సబ్సిడియరీ రూల్సు రెండును ఒకే పుస్తకముగా కుట్టి ఇత్తురు. మీరును మిస్రా నుండి మీ పెట్టెకు పనికివచ్చునవి తీసికొని, మీ మోటారుకు ప్రత్యేకమైనవి నాలుగు చేర్చి పుస్తకము చేసికొనుడు. ఇప్పుడు మీరు చేయుచున్నది తలక్రిందులుగా ఉన్నది. పనిముట్టు అమ్మువాడు ఏ నియమములు చూపించిన అవియే మీ నియమములగుచున్నవి.

ప్రాణములతో పని ఉన్న చోట ఈ వరుస ఎంత గట్టిగా పాటింతురో మన తెలుగునాటనే చూడవచ్చును. రైళ్లు ఢీకొనకుండ కాపాడు కవచ్ అను ఏర్పాటు మీరు వినియే యుందురు. డ్రైవరు ఎఱ్ఱ సిగ్నలు దాటబోయినచో ఇంజనులోని యంత్రమే బ్రేకు వేయును. దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి, వికారాబాదు, వాడి వైపు లైన్లలో దానిని పరీక్షించినారు. ప్రయాణికుల బండ్లపై పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలైనవి. 2020 జూలైలో దానిని జాతీయ పద్ధతిగా స్వీకరించినారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజనును ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరమున కవచ్ తానే నిలిపినది. దీనిని మొదట తయారుచేసిన మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్ అను మూడు కంపెనీలును హైదరాబాదువే. దీనికి సిల్-4 అను అత్యున్నత భద్రతా శ్రేణి విధించినారు. ప్రమాదకరమైన వైఫల్యము పదికోట్ల గంటలలో ఒకసారి కంటె తక్కువ కావలెనని దాని అర్థము. పదికోట్ల గంటలనగా పదకొండు వేల ఏండ్లకు పైమాట. అంతకాలము ఎవరును నడిపి చూడలేరు. అందుచేతనే చదివి చూచుట తప్పనిసరి అయినది.

రైల్వే ప్రోగ్రాములకు ఐరోపావారు చేసిన ఇ.ఎన్. 50128 అను ప్రమాణము వ్రాతకు నియమావళి ఉండవలెనని, స్టాటిక్ అనాలిసిస్ చేయవలెనని చెప్పును. 2023లో దాని స్థానమున ఇ.ఎన్. 50716 వచ్చినది. ఆ ప్రమాణములో మాకు మిక్కిలి నచ్చినది ఇంకొకటి గలదు. అది తనిఖీ పనిముట్టును కూడ అనుమానించును. తనిఖీ పనిముట్టు ప్రోగ్రాములో కొత్త తప్పు పెట్టలేదు గాని ఉన్న తప్పును చూడక వదలవచ్చును, కనుక అది రెండవ తరగతి పనిముట్టు, దానిని ఎందుకు నమ్ముచున్నారో కాగితముపై చూపుడు అనును. టి.ఐ.ఏ.గారి లెక్కలను మరల ఒకరు తనిఖీ చేయవలెనన్నమాట. ఈ సంగతి మా ఆఫీసులో చెప్పగా అందరును మిక్కిలి సంతోషించినారు.

ఇక ఎంపిక. శెనక్కాయ గింజలు జల్లించు మన ఆడవారికి ఈ విషయము ఇంజనీర్ల కంటె తేలికగా అర్థమగును. జల్లెడ కన్నులు మరీ సన్నమైనచో మట్టి రాలదు, మరీ పెద్దవైనచో గింజయే రాలిపోవును. కొన్ని పనిముట్లు తప్పు కాని దానిని కూడ తప్పనుచు కుప్పలు పోయును. కొన్ని మర్యాదగా మౌనము వహించును. రెండు దోషములును లేని పనిముట్టు ప్రపంచములో ఉండజాలదు. ఏ ప్రోగ్రామును గూర్చియైనను అన్ని ప్రశ్నలకు తప్పక జవాబు చెప్పగల యంత్రము అసాధ్యమని 1936లోనే ట్యూరింగ్ నిరూపించినాడు. అందుకే మిస్రా 2012 కూర్పులో ప్రతి నియమము ప్రక్కన ఇది యంత్రము తేల్చగలది, ఇది తేల్చలేనిది అని గుర్తు పెట్టినారు. "మా పనిముట్టు నూటికి నూరు నియమములు పట్టును" అని అమ్మువాడు చెప్పినచో, తేల్చలేని నియమముల వద్ద తప్పుడు హెచ్చరికలు ఇచ్చునా, లేక తప్పులు వదలునా అని అడుగుడు. జవాబు చెప్పిన కంపెనీతో మాట సాగింపుడు.

మొగమాటము లేకుండ అన్ని ప్రశ్నలు అడుగునది వేరొక జాతి. ఫ్రాన్సులో పాట్రిక్ కూజో బృందము చేసిన ఆస్ట్రే అను పనిముట్టు 2003లో ఎయిర్‌బస్ ఎ340 విమానపు ముఖ్యమైన కంట్రోలు ప్రోగ్రామును, 1,32,000 పంక్తులను, ఒక గంట ఇరువది నిమిషములలో చదివి, సున్నాతో భాగించుట, హద్దు దాటుట, అంకె నిండిపోవుట వంటివి అందులో ఒక్కటియు లేవని నిరూపించినది. ఇట్టివి తప్పును వదలవు. అయితే అవి ఒక తెగ ప్రోగ్రాములకే బాగుగా కుదురును, ఖరీదును ఎక్కువ. మన పెట్టెకు అక్కరలేదని మా అభిప్రాయము.

అన్నిటి కంటె ముఖ్యమైన పరీక్ష మీ చేతిలోనే ఉన్నది. మీ పెట్టెలు ఊళ్ల నుండి తిరిగి వచ్చినవి గదా, ఏ తప్పు చేత వచ్చినవో మీకు తెలియును గదా. ఆ తప్పులున్న పాత ప్రోగ్రాములను దిద్దక ముందటి రూపములో తీసి ఉంచుడు. ప్రతి పనిముట్టును ఉచిత పరీక్షకు పుచ్చుకొని ఆ పాతవానిపై నడుపుడు. రైతుకు నష్టము తెచ్చిన తప్పును ఏది పట్టినదో చూడుడు. కంపెనీవారు తమ నమూనాపై నడిపి చూపునది చూడవలదు. పెండ్లిచూపులలో పిల్ల పాడిన పాట వంటిది అది.

ఆ పరీక్ష చేయుటకు ముందు ఒక్కటి సరిచూచుకొనుడు. మీ చిప్పులో పూర్ణాంకము 16 బిట్లని పనిముట్టుకు చెప్పవలెను. చెప్పకున్నచో అది తన కంప్యూటరు వలె 32 బిట్లనుకొని, ఇందాకటి 32,767ను చూచి "అంతయు సవ్యము" అనును. చిప్పు కంపెనీవారి కంపైలరులో ఇంటరప్టు మొదలైనవానికి వాడు ప్రత్యేకపు మాటలు కూడ ఉండును. అవి తెలియని పనిముట్టు మొదటి పంక్తిలోనే తడబడి, తరువాత చెప్పునదంతయు గాలివాటము. ఖరీదైనవానిలోను ఈ చిక్కు ఉన్నది. మీ కంపైలరు పేరు వారి జాబితాలో ఉన్నదా అని కొనుటకు ముందే వ్రాతమూలకముగా పుచ్చుకొనుడు.

మొదటిసారి నడిపినపుడు వేల కొలది హెచ్చరికలు వచ్చును. బెదరవలదు. అన్నిటిని ఒకేసారి దిద్దబూనవలదు. బాగుగా నడుచుచున్న దానిని పనిముట్టు నోరు మూయించుటకై దిద్దబోయి చెడగొట్టిన వారున్నారు. 2006లో డెబియన్ అను లినక్స్ వారు తనిఖీ పనిముట్టు ఒకటి – అది నడిపి చూచు తెగది – హెచ్చరించినదని రహస్య తాళములు తయారుచేయు ప్రోగ్రాములో రెండు పంక్తులు తీసివేసినారు. కోట్లానుకోట్లు ఉండవలసిన తాళపుచెవులు ఒక్కొక్క రకమునకు 32,768 మాత్రమే మిగిలినవి. ఈ సంగతి 2008 మే నెలలో గాని బయటపడలేదు. కావున పాత హెచ్చరికలను ఒక జాబితాగా వ్రాసి ప్రక్కన పెట్టుడు, ఈ దినము నుండి కొత్తది ఒక్కటియు రానీయవలదు. పాతవానిలో ప్రాణాపాయము, మోటారు అపాయము గలవానిని ముందుగా దిద్దుడు. నియమము తప్పక తప్పనిచోట, ఏ నియమము, ఏ పంక్తి, ఎందుకు, ఎవరు ఒప్పుకొన్నారు అని ఒక పుస్తకములో వ్రాసి పేరు పెట్టుడు. వ్రాసినవాడే ఒప్పుకొనరాదు, రెండవవాని సంతకము ఉండవలెను. నగదు పుస్తకము వలె ఏ దినమునకు ఆ దినము మూయవలెను. నెలాఖరున నడుపు తనిఖీ శవ పరీక్షయే.

యజమానులకు ఒక మాట. హెచ్చరికల సంఖ్యను బట్టి ఎవరికిని ఇంక్రిమెంటు ఇవ్వవలదు, ఆపవలదు. అట్లు చేసిన మరునాడే "ఇచ్చట చూడవద్దు" అని పనిముట్టుకు చెప్పు గుర్తులు ప్రోగ్రాము నిండ మొలచును. సంఖ్య తగ్గును, తప్పులు తగ్గవు.

ఖర్చు మాట. మొదట కంపైలరులోని హెచ్చరికలన్నియు తెరువుడు. దానికి పైస ఖర్చు లేదు. తరువాత సిపిపిచెక్ అను ఉచితమైన పనిముట్టు గలదు. 2007 నుండి ఉన్నది. మిస్రా నియమములలో చాల వానిని అదియు చూడగలదు. నియమపు అంకె మాత్రమే చెప్పును, "15.6" అని. ఆ నియమము ఏమిటో తెలియవలెనన్న మిస్రావారి పుస్తకము కొనవలెను. కొనుడు, అది పనిముట్టు కంటె మిక్కిలి చౌక, చదివినచో మిక్కిలి లాభము. ఆరు నెలలు ఈ రెంటితో గడిపి, మీ పుస్తకములో ఏవి పట్టుబడక జారిపోయినవో చూచుకొని, అప్పుడు పి.సి.-లింట్, ఎల్.డి.ఆర్.ఏ., పాలీస్పేస్, క్యు.ఏ.సి. వంటివానిని పిలిపింపుడు. అప్పటికి మీకు ఏమి కావలెనో మీకే తెలియును. రేపు మీ పెట్టె రైలుకో, ఆసుపత్రికో పోవలసివచ్చినచో, సర్టిఫికెట్టు కాగితములు గల పనిముట్టే కావలసియుండును. అంతవరకు ఆ సొమ్ముతో ఇంకొక పిల్లవానిని పనిలో పెట్టుకొని, రెండవ సంతకము చేయుట నేర్పుడు.

మొదటి వరుసలోని ఒక తమ్ముడు చీటీ పంపినాడు. ప్రోగ్రాములోని వివరణలు, అనగా కామెంట్లు, తెలుగులో వ్రాయవచ్చునా అని. మంచి ప్రశ్న. కామెంటును చిప్పు చదువదు, మనిషే చదువును. నేటి కంపైలర్లు తెలుగు లిపిని చాలవరకు అంగీకరించును. మోటారు గురించి రైతు చెప్పిన మాట రైతు మాటలోనే వ్రాసికొనుట మంచిదే. ఒక కామెంటులో మరియొక కామెంటు మొదలగు గుర్తు రారాదని మిస్రా 3.1వ నియమము గలదు, అంతవరకు జాగ్రత్త పడవలెను. మన అక్షరము ఒక్కొక్కటి పలు బైట్ల చోటు పట్టును గనుక కొన్ని పాత పనిముట్లు తికమక పడవచ్చును. ఒక ఫైలులో నాలుగు తెలుగు పంక్తులు వ్రాసి, వాని క్రింద కావలెననియే ఒక తప్పు పెట్టి నడుపుడు. తప్పు ఉన్న పంక్తి సంఖ్యను పనిముట్టు సరిగా చెప్పినచో నిశ్చింతగా వ్రాసికొనవచ్చును. లేకున్నచో ఆ పనిముట్టు వద్ద ఇంగ్లీషులోనే వ్రాయక తప్పదు.